కృష్ణాముఖమున బావురుపిల్లి

కృష్ణాడెల్టా చరిత్ర యనిన మనవారికి ముందుగా స్ఫురించునది నీటి చరిత్ర. 1852 లో మొదలై 1855 లో ముగిసిన బెజవాడ ఆనకట్ట, దానిని తలపెట్టిన ఆర్థరు కాటను, దగ్గఱ నిలిచి కట్టించిన కెప్టెను ఓరు, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ పఱచిన ఆ రాతికట్ట, దాని యండనుండి బయలుదేఱిన బందరుకాలువ, ఏలూరుకాలువ, రైవిసుకాలువ, ఇవన్నియు మా పాఠశాలలోని పిల్లలు సైతము వల్లింతురు. నీటివెనుక వరి, వరివెనుక ధనము, ధనమువెనుక బడులు, పత్రికలు, నాటకసమాజములు వచ్చెను. ఈ వరుస యథార్థమే. కాని కాలువ రాకమునుపు ఆ నేల ఖాళీగా పడియుండెనా, లేనిచో అందెవరుండిరి, వారేమైరి యను ప్రశ్న యీ వరుసలో ఎచ్చటను తగులదు. మనుష్యులను గూర్చి యీ ప్రశ్న వేయువారు ఇప్పటికి కొందఱు బయలుదేఱిరి. నేను మనుష్యజాతికి చేరని యొక పాతకాపును గూర్చి వ్రాయదలచితిని. దానికి శాసనములు లేవు, వంశావళి లేదు. అయినను డెల్టా చరిత్రలో మనము చదువక విడిచిన పుటలు కొన్ని దాని కథలో నున్నవి.

దానిపేరు బావురుపిల్లి. నీటిపిల్లి యనియు కొందఱందురు. ఇంటిపిల్లికి రెండు మూడింత లుండును. ఆడుది 5 మొదలు 9 కిలోగ్రాములు, మగది 8 మొదలు 16 కిలోగ్రాముల వఱకు తూగును. బూడిదవన్నెలో ఇంచుక పసరు కలిసిన మేను, దానిపై వరుసదీర్చిన నల్లని మచ్చలు, నొసటినుండి మెడవఱకు చారలు, పొట్టికాళ్లు, బలిసిన మెడ, దేహములో సగమైన లేని మొద్దుతోక, ఇవి దాని గుఱుతులు. చీకటిలో దవ్వునుండి చూచినవాడు చిఱుతపిల్ల యని భ్రమించుట వింతకాదు. ఆ భ్రమవలన అది పడిన పాట్లు ముందు చెప్పెదను.

పిల్లి నీటికి జంకునని లోకములో నొక నమ్మకము గలదు. ఈ జంతువు ఆ నమ్మకమును లెక్కసేయదు. దీని వ్రేళ్లనడుమ కొంతమేర తోలు సాగియుండును. గోళ్లు ముడిచినప్పుడును పూర్తిగా ఒరలో ఇమడవు. వెండ్రుకలు రెండు పొరలు. లోపలి పొర మిక్కిలి దట్టము గాన నీరు చర్మమునకు సులభముగా దిగదు. నీటియొడ్డున కదలక కూర్చుండి చేప పైకి వచ్చినంతనే ముంగాలితో గట్టుకు విసరుట దీని మొదటి పద్ధతి. అది సాగనప్పుడు తల ముంచి, మేను ముంచి, నీటిలోనికే దుముకును. నీటిక్రిందుగా ఈదిపోయి పైని తేలుచున్న పక్షిని కాళ్లు పట్టి లాగుననియు చూచినవారు వ్రాసిరి. చేప, పీత, నత్త, నీటిపక్షి, పాము, ఎలుక, పందికొక్కు, వీనిలో ఏది దొరకిన దానితో పొట్ట నింపుకొనును. కాని అన్నిటిలో చేపకే పెద్దపీట. పగలు తుంగలోనో మడపొదలోనో పడియుండి ప్రొద్దుగ్రుంకినపిమ్మట బయలుదేఱును. గర్భము 63 మొదలు 70 దినములు. ఈతకు రెండు మూడు పిల్లలు. పిల్లలను పెంచుభారము తల్లిదే. నేపాళములోని చిత్వను అడవిలో రేడియోపట్టెడ కట్టి పరిశీలించినప్పుడు ఆడుది 4 మొదలు 6 చదరపు కిలోమీటరుల మేరను, మగది 16 మొదలు 22 చదరపు కిలోమీటరుల మేరను తిరుగుచుండెనని తేలినది. ఇంత చిన్న జంతువున కంత నేల యెందులకని రైతు అడుగవచ్చును. కొన్ని యెకరముల మడ మిగిల్చి, పిల్లికి చోటిచ్చితిమని తృప్తిపడుట చాలదని మాత్రము ఈ లెక్కవలన తెలియుచున్నది.

పేరును గూర్చి ఒకమాట. గట్టిగా ఏడ్చుటను బావురుమనుట యందుము. ఈ పిల్లి పేరునకును ఆ క్రియకును చుట్టఱికము కలదని నా తలంపు. మన నిఘంటుకారులు దీనిని అడవిపిల్లి యను ముద్దలో కలిపి ఊరకుండిరి. సంస్కృతమువారును ఇంతకంటె మేలు చేయలేదు. అమరసింహుడు పిల్లికి చెప్పిన పేళ్లలో ఎలుకలు తినునది యను నర్థము గలది కలదు. చేపలు తినునది యను నర్థము గలది లేదు. హితోపదేశములో భాగీరథీతీరమున దీర్ఘకర్ణమను పిల్లి యొకటి, తాను నిత్యము గంగాస్నానము చేయుచు మాంసము ముట్టక చాంద్రాయణవ్రతము సలుపుచున్నానని చెప్పి ముసలిగ్రద్దను మోసగించును. పిల్లి స్నానముచేయుట యేమని తరగతిలో పిల్లలు నవ్వుదురు. ఆ గ్రంథము వంగదేశమున పుట్టినదని పలువురు పండితుల మతము. వంగదేశపు ఏటియొడ్డులలోనో ప్రతిరాత్రి మునిగి లేచు పిల్లి నిజముగా నున్నది. నారాయణపండితుడు దానిని చూచియే వ్రాసెనని నేననను. అబద్ధమాడిన ఆ దీర్ఘకర్ణము స్నానపు సంగతిలో మాత్రము అంత నమ్మరాని మాట చెప్పలేదని నా చమత్కారము.

ఇక శాస్త్రజ్ఞుల మాట. 1833 లో ఎడ్వర్డు టర్నరు బెన్నెట్టు అను ఆంగ్లేయుడు లండనులోని జంతుశాస్త్రసంఘమువారి పత్రికలో దీనిని మొదట వర్ణించెను. మొగము పునుగుపిల్లిని బోలుటచే ఆ పోలికనే దానికి లాటిను పేరుగా పెట్టెను. కలకత్తాలో నుండిన ఎడ్వర్డు బ్లిత్తు దీనిని పట్టి తెప్పించి పెంచి చూచెను. క్రొత్తగా పట్టువడిన మగపిల్లి యొకటి తనకు రెండింతలున్న సాధుచిఱుతను, అదియు పడుచుదానిని, చంపివేసినదని ఆయన వ్రాసి యుంచెను. బుకానను హామిల్టను దీని యందమును మెచ్చి, కంపును నిందించెను. ఇవన్నియు వంగదేశపు సంగతులు.

మన దేశపు సంగతి వచ్చునప్పటికి కథ వింతగా మాఱును. 1867 లో తామసు జెర్డను తన భారతదేశపు స్తన్యజంతువుల గ్రంథమును రూర్కీలో అచ్చువేయించెను. అప్పటి సర్కారు వైద్యులలో ఆయనంతటి ప్రకృతిపండితుడు అరుదు. అందులో ఈ పిల్లి వంగదేశమున విరివిగా నుండుననియు, తిరువాన్కూరునందును సింహళమునందును కొంత కలదనియు, పడమటి తీరమున మంగళూరు వఱకు వ్యాపించినదనియు వ్రాసి, కర్నాటికులో నున్నట్లు తాను వినలేదనెను. ఆయన చెప్పిన కర్నాటికు ఈనాటి కర్ణాటక రాష్ట్రము కాదు. తూర్పుకనుమలకును సముద్రమునకును నడుమ నున్న మన మైదానపుసీమకు ఆ కాలపు దొరలు పెట్టుకొనిన పేరది. తెలుగునేల ఎఱుగని దొర యీ మాట వ్రాసినచో ఆశ్చర్యము లేదు. జెర్డను నెల్లూరిలో వైద్యుడుగా పనిచేసినవాడు. పక్షుల తెలుగుపేళ్లు అడిగి వ్రాసికొనినవాడు. యానాదులతో మెలగి అడవి సంగతులు సేకరించినవాడు. అంతటివాడు వినలేదనిన మాట తరువాతి గ్రంథములకు ఆధారమయ్యెను. స్టెర్‌న్‌డేలు 1884 లో అచ్చువేసిన తన పుస్తకమున దానినే తిరిగి యెత్తివ్రాసెను. ఒకడు వినలేదని వ్రాసిన, రెండవవాడు లేదని చదువుకొనును. గ్రంథములు గ్రంథములను చూచి వ్రాయబడునప్పుడు ఇట్లే జరుగును.

జెర్డను పేరుతోనే ముడివడిన మఱియొక దృష్టాంతము చెప్పనిచో ఈ కథ సగమే యగును. ఆయన తూర్పుకనుమల ప్రాంతమున కనుగొనిన యొక పక్షికి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టిరి. 1900 తరువాత అది యెవరి కంటను పడలేదు. నశించినదని పుస్తకములలో వ్రాసివేసిరి. 1986 జనవరిలో కడపజిల్లాలో లంకమల కొండలచెంత అది మరల దొరకెను. పట్టి తెచ్చినవాడు ఆ ప్రాంతపు పక్షులవేటగాడు. అక్కడివారు దానిని కలివికోడి యని పిలుచుచునే యుండిరి. శాస్త్రము దానికి కర్మాంతరము చేసిన ఎనుబదియేండ్లకు పైగా కలివికోడి ముండ్లపొదలలో బ్రతికియే యుండెను.

బావురుపిల్లి విషయమును ఇట్టిదే. మన శతాబ్దములో తీరమువెంబడి కెమెరాలు పెట్టి వెదకువారు బయలుదేఱిన పిమ్మట, గోదావరిముఖమున కోరింగ మడలలోను, కృష్ణాముఖమున నాగాయలంక, సొర్లగొంది ప్రాంతపు మడలలోను ఈ జంతువు ఉన్నదనుటకు నిస్సంశయమైన చిత్రములు దొరకినవి. జెర్డను ఉన్నదనిన కేరళతీరమున ఇటీవల వెదకినవారికో ఆనవాలు దొరకలేదు. ఉన్నదనినచోట కానరాక, వినలేదనినచోట కానవచ్చినది. గ్రంథకర్తలను పరిహసించుటకు దీనిని చెప్పుట లేదు. రెండు తీరములలో నేల కేమయ్యెనో చూచినగాని ఈ తారుమారు అర్థము కాదు. కేరళములో కాయలు, కోళ్లు అను బురదనేలలను పూడ్చి జనము దట్టముగా క్రిక్కిఱిసెను. మన యొద్ద నదీముఖములలో ఎవరికిని పనికిరాదనిన యుప్పుబురద కొంత మిగిలినది. బావురుపిల్లి మిగిలినచోటు అదియే.

ఆ పనికిరానితనము ఎట్లు పుట్టినది? ఇచ్చట నేను జాగ్రత్తగా మాటలాడవలెను. ఆనకట్టను నిందించువాడను కాను. 1832-33 లో నందననామ సంవత్సరపు డొక్కలకఱవున గుంటూరు మండలములో మూడింట ఒకవంతునకు మించి జనము నశించిరి. ఆ యెముకలమీద పుట్టిన ఆలోచనయే ఆనకట్ట. కాటనునకు గోదావరి, కృష్ణామండలముల రైతులు దండము పెట్టుట న్యాయము. అయితే నీటిని లెక్కవేసినవారు నేలనుగూడ ఒక లెక్కలో పెట్టిరి. పన్ను వచ్చునది సాగు. పన్ను రానిది బంజరు, పోరంబోకు. తుంగబీడు, జమ్ముదిబ్బ, ఏటిలంక, ఉప్పుపఱ్ఱ, మడ, ఇవన్నియు రెండవ పట్టికలో చేరినవి. ఆ పట్టికలో చేరిన నేలను సాగులోనికి తెచ్చుట పుణ్యముగాను, విడిచిపెట్టుట సోమరితనముగాను ఎంచబడెను. మంచినీటికాలువ వచ్చినచోట తుంగబీళ్లు వరిమళ్లయ్యెను. మిగిలిన మడలను వంటచెఱకునకును బొగ్గునకును నఱకిరి. కొన్నిచోట్ల ఉప్పుమళ్లు వచ్చెను. వరిచేను బావురుపిల్లికి పూర్తిగా శత్రువు కాదు. నీరు నిలిచిన చేలో చేపయు ఎలుకయు దొరకును. కాని పగలు తలదాచుకొనుటకును పిల్లలను దాచుటకును పొద కావలెను. పొదలేని డెల్టా దానికి భోజనశాల మాత్రమే, ఇల్లు కాదు.

ఆ కాలమున పులికి, చిఱుతకు, తోడేలునకు తలకింత యని దొరతనమువారు బహుమానము లిచ్చెడివారు. వేటకాడు తోలు తెచ్చి కచేరీలో చూపి రూకలు తీసికొనెడివాడు. బావురుపిల్లి తలకు వెల లేదు. సర్కారు గ్రంథమున లేని జంతువునకు వెల యెట్లు కట్టుదురు? ఆ విధమున అజ్ఞాతవాసము దానికి కొంత మేలే చేసినది. పులిని తుపాకి చంపినది; ఈ పిల్లిని పార చంపినది. పార చేసిన హత్యకు తోలు మిగులదు, లెక్క మిగులదు.

అమెరికాఖండములో ప్యూమా యను పెద్దపిల్లి కథ దీనికి దగ్గఱగా నుండును. అది మన చిఱుతకు సాటియైన జంతువు. కెనడానుండి దక్షిణ అమెరికా కొనవఱకు కొండ, ఎడారి, అడవి యను భేదము లేక బ్రతుకగలది. అయినను ఉత్తర అమెరికా తూర్పుభాగమున వలసవచ్చినవారు బహుమానములు పెట్టి వేటాడి, అడవులు కొట్టి, దానిని దాదాపు రూపుమాపిరి. తూర్పుప్యూమా నశించినదని 2011 లో అక్కడి ప్రభుత్వశాఖ నిర్ణయించెను. ఆ తూర్పుభాగమున అది మిగిలినచోటు ఒక్కటే, ఫ్లారిడాలోని బురదనేల. తుపాకి పట్టినవారు సులభముగా చొరరాని మడుగులగుటచే అక్కడ బ్రతికినది. ఆ మడుగులనుగూడ కాలువలు త్రవ్వి నీరు తీసి చెఱకు వేసిరి. 1970 ప్రాంతమునకు ఇరువదో ముప్పదియో మిగిలినవి. దగ్గఱచుట్టఱికముల సంపర్కముచే వాని సంతానము రోగగ్రస్తమయ్యెను. 1995 లో టెక్సాసునుండి ఎనిమిది ఆడు ప్యూమాలను తెచ్చి విడిచినపిమ్మట సంఖ్య కొంత పెరిగినది. ఇప్పుడు వానిని చంపుచున్న వానిలో మొదటిది రహదారిమీది మోటారుబండి. కృష్ణాజిల్లా ఉపాధ్యాయుడు ఫ్లారిడాను గూర్చి యేల వ్రాయవలెనని అడుగవచ్చును. అక్కడి లెక్కలు చక్కగా నున్నవి. తఱిగిన సంతతికి లోపలనుండియే చెఱుపు కలుగునని ఆ లెక్కలు చూపినవి. మన మడలు ఒకదానితో నొకటి తెగిపోయి తునకలైనప్పుడు ఆ చెఱుపు ఇక్కడను రాకపోదు.

ఈ నేలనెఱిగిన మనుష్యులను గూర్చి ఇప్పుడు చెప్పవలెను. డెల్టాలో యానాదులు ఏటియొడ్డులందును చేలగట్లమీదను కాపురముండి, చేపలు, పీతలు పట్టుదురు. కుండలో పొగబెట్టి కలుగులోనికి ఊది ఎలుకలను పట్టుటలో వారికి సాటి లేరు. అందులకై రైతులు వారిని పిలిపించెడివారు. బావురుపిల్లి ఏ మొగలో నీరుత్రాగును, ఏ గట్టున రెట్టవేయును, నీటికుక్క అడుగునకును దీని యడుగునకును భేదమేమి యను సంగతులు వారికి చేతివ్రేళ్లమీద నుండును. ఇట్టివారిలో కొందఱిని మద్రాసు ప్రభుత్వము నేరస్థజాతుల చట్టముక్రింద చేర్చెను. దేశమంతటను ఆ చట్టము 1952 లో గాని తొలగలేదు. నేలను బంజరనిన దృష్టియే మనుష్యుని నేరస్థుడనెను. రెండు పట్టికలను వ్రాసినది ఒకటే కలము. పట్టికలు పోయినను పలుకుబడి పోలేదు. యానాదిపిల్లవాడు బడికి వచ్చినప్పుడు వెనుకబల్లమీద కూర్చుండబెట్టు ఉపాధ్యాయులు ఇంకను కలరు. ఒకమారు జంతువుల పాఠము చెప్పుచుండగా, మా తరగతిలోని యట్టి పిల్లవాడే పుస్తకములో లేని యీ పిల్లి వేటపద్ధతిని నిలువబడి చెప్పెను. ముందుబల్లలవారు నవ్విరి. నేను చదివినదానికిని వాడు చెప్పినదానికిని ఒక్కమాట తేడా లేదు.

సముద్రము సంగతి చెప్పక మడల సంగతి ముగియదు. 1864 నవంబరు 1 వ తేది రాత్రి బందరుమీద ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేల ప్రాణములు తీసెను. 1977 నవంబరు 19 న దివిసీమ ఉప్పెనలో పదివేలకు మించి చనిపోయిరి. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది ప్రాంతములు శ్మశానములయ్యెను. తాళ్లెత్తు నీరని అప్పుడు బ్రతికినవారు చెప్పుదురు. ఆ పిమ్మట తీరమువెంబడి సరుగుడుతోటలు పెంచిరి. సరుగుడు గాలిని ఆపును. నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న, వీని వేళ్లు గాలినే కాక అలను విఱుచును, ఒండ్రును పట్టి నేలను నిలుపును. సరుగుడుతోట యడుగున ఇసుకయు రాలిన ఆకులును మాత్రముండును. మడ యడుగున పోటుకు వచ్చు చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు ఉండును. వానికై బావురుపిల్లి వచ్చును. ఒకే చెట్టు ఊరికి గోడయు, చేపకు ఉయ్యెలయు, పిల్లికి ఇల్లును అగుచున్నది. తిల్లపాలు కంటబడిన చూపుపోవునని భయపడి దానిని నఱకుటకు వెనుదీయువారు కలరు; ఆ భయమువలన కొన్ని దిబ్బలు నిలిచినవి.

1980 తరువాత రొయ్యలచెఱువులు వచ్చెను. పూర్వపు పార ఏండ్లకు చేసినపనిని యంత్రము నెలలలో చేసినది. ఉప్పునేల యని ఎవరును అడుగని పఱ్ఱకు ఒక్కసారిగా వెల పుట్టెను. 1994 లో తెల్లమచ్చరోగము పడి టైగరురొయ్య నశించి ఎందఱో అప్పులపాలైరి. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరపు హద్దులోపలి చెఱువులను గూర్చి కఠినమైన తీర్పు చెప్పెను. 2006 లో కొల్లేటిలోని చెఱువుగట్లను ప్రభుత్వమువారు తెగగొట్టిరి. 2009 తరువాత వన్నామీ యను అమెరికారొయ్య వచ్చి వ్యాపారము మరల పుంజుకొనెను. ఈ ముప్పది నలువదియేండ్లలో రైతు కెన్ని యెత్తుపల్లములు కలిగెనో, మడకు మాత్రము ఒక్కటే దారి, తఱుగుట.

చెఱువులు వచ్చినచోట బావురుపిల్లియు చెఱువుగట్టునకు చేఱినది. దాని దృష్టిలో అది చేపలు నిండిన మడుగు. యజమానుని దృష్టిలో అప్పుచేసి పెట్టిన పెట్టుబడి. రాత్రి కాపున్నవాడు దీపమువేసి చూచిన రెండు కన్నులు మెఱయును; పులిపిల్ల యని కేకలు లేచును; కఱ్ఱలు, కుక్కలు, ఉచ్చులు బయలుదేఱును. నష్టమెంత యని నెమ్మదిగా లెక్కవేసినవారు తక్కువ. ఒక రాత్రిలో ఒక పిల్లి తినగల చేప, చెఱువులో రోగమున చచ్చు చేపలతో పోల్చిన లెక్కకు రాదు. అంతేకాక అదే పిల్లి గట్లను తొలిచి నీరు పోగొట్టు పందికొక్కులను తినును. ఈమాట రైతుతో చెప్పుట సులభము కాదు. పందికొక్కును తినుట అతడు చూడడు. చేపను తినుటయే చూచును. చేపతోట్లవద్ద వలచుట్టి, కోళ్లగూడు గట్టిగా కట్టి, తగవు తగ్గించిన యూళ్లు లేకపోలేదు. అట్టి చిన్న యుపాయములు ఉపన్యాసములకంటె మేలు.

చట్టము దీనికి కావలసినంత కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టములో పులితోపాటు మొదటి పట్టికలోనే ఈ పిల్లికి చోటిచ్చిరి. వంగరాష్ట్రము 2012 లో దీనిని తన రాష్ట్రజంతువుగా చేసికొనెను. ఒరిస్సావారు 2022 లో చిలికసరస్సు చుట్టు 176 ఉన్నవని అంచనా కట్టి ప్రకటించిరి. మన కృష్ణా అభయారణ్యము 1989 లో ఏర్పడినది. విస్తీర్ణము సుమారు 195 చదరపు కిలోమీటరులు. 2022 నాటి జిల్లాల విభజనతో కృష్ణా, బాపట్ల జిల్లాల రెంటిలోను పడినది. కాని చట్టము జంతువును ఎక్కడనున్నను కాపాడును. నేలను హద్దులోపల మాత్రమే కాపాడును. బావురుపిల్లికి హద్దురాళ్లు చదువురాదు. హద్దునకు వెలుపలి తుంగబీడు, మురుగుకాలువగట్టు, పాడుపడిన చెఱువు, ఇవి దాని సంసారములో సగము. హద్దులోపలి నేలకును పోటీ తప్పలేదు. నాగాయలంకవైపు గుల్లలమోదయొద్ద క్షిపణిపరీక్షాకేంద్రమునకై అభయారణ్యపు భూమిలో కొంత కేటాయింపబడినది. దేశరక్షణకు స్థలము కావలెననుటను కాదనలేము. కేటాయించిన నేలకు బదులుగా మఱియెచ్చట మడ పెంచిరో, అది బ్రతికినదో లేదో చూచు పని మాత్రము పౌరులది.

పైనుండి వచ్చు నీటిమాట అందఱును మఱతురు. 1952 లో పాత ఆనకట్టకు గండిపడగా దానిచోట 1957 లో ప్రకాశంబ్యారేజి వచ్చెను. అంతకు పైని 1967 లో నాగార్జునసాగరమునుండి నీరు విడిచిరి. తరువాత శ్రీశైలము, ఆ పిమ్మట పులిచింతల. ప్రతి కట్టయు కొంత నీటిని, కొంత ఒండ్రును ఆపినది. వానకాలపు వఱదలలో తప్ప సముద్రమునకు కృష్ణ చేఱుట అరుదైనది. నదీముఖమున మడకు తియ్యనీరును ఉప్పునీరును కలసి కావలెను. తియ్యనీరు తఱిగిన ఉప్పు పైకి వచ్చును, క్రొత్త ఒండ్రు లేక తీరము కోతపడును. బెజవాడలో గేటువద్ద నిలిచి నీటిని చూచువానికి ఎన్నో మైళ్ల దిగువన జరుగు ఈ సంగతి కనబడదు. నీరు వృథాగా సముద్రము పాలగుచున్నదని ప్రతి వఱదకాలమునను పత్రికలలో చదువుచున్నాము. ఆ వృథానీటితో బ్రతుకువారు పత్రికలు చదువరు.

ఈ పదిపదునైదేండ్లుగా కృష్ణాముఖమున బావురుపిల్లిని వెదకుటలో ఒక మంచిమాఱుపు వచ్చినది. కెమెరాలు పెట్టుటకు మొగలు, అడుగుజాడలు, రెట్టలు చూపి దారితీయుచున్నవారు అక్కడి మత్స్యకారులును యానాదులునే. పడవ వారిది, తెలివి వారిది. పుస్తకములో లేని పేళ్లన్నియు వారివద్దనే యున్నవి. వారిలో కొందఱకు కూలి ముట్టుచున్నది. వారు చెప్పిన పేళ్లను, మొగల వరుసను, ఏయే దిబ్బమీద ఏ చెట్టుండెనో ఆ జ్ఞాపకమును ఎవరైన తెలుగులో వ్రాసి దాచుచున్నారా యని నేను విచారించుచున్నాను. దివిసీమ బడులలో చదువు పిల్లలచేత సెలవుదినములలో ఈ పని చేయింపవచ్చును. ఒక్కొక్క పిల్లవాడు తన తాతవద్ద కూర్చుండి ఒక్కొక్క మొగ పేరు, దాని చెట్లు, దాని చేపలు వ్రాసికొనివచ్చిన చాలును. ఎఱిగిన ముసలివారు ఇంకను ఉన్నారు; సొర్లగొందినుండి పడవ యెక్కిన అరగంటలో మొదటి మడపొద తగులును.